కోసిగిలో కడలి

మహాలయ అమావాస్య! మిట్టమధ్యాహ్నం పన్నెండు కావడానికి ఇంకా పావుగంట ఉంది...

నడినెత్తిన నిప్పులు కురిసే ఆ వేళ పితృదేవతలది. పిండాలు పెట్టే వేళ, తిలోదకాలు వదిలే వేళ, తమ పేరు ఎవరైనా పిలుస్తారేమోనని దిక్కులేని ప్రేతాలు గడపల దగ్గర కాచుకుని కూర్చునే వేళ! అర్ధరాత్రి అంటే గజగజలాడేవాళ్ళకు ఈ మధ్యాహ్నం సంగతి తెలియదు పాపం.

కోసిగి గుట్టల మీద బండరాళ్ళు పెనాల్లా కాగుతున్నాయి. వీధిలో సగం ఇళ్ళకు తాళాలు. బెంగుళూరు పనులకు పోయినవాళ్ళ ఇళ్ళవి. ఎవరెంత అరిచినా వినే చెవి లేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు... అయినా ఎక్కడో ఫెళ్ళున ఉరిమింది! ఎండలో, పట్టపగలు, గుడ్లగూబ ఒకటి వికృతంగా మూడుసార్లు కూసింది!

ఆదోని బస్సు దిగి పరుగులాంటి నడకతో వచ్చిన హిమబిందు తమ ఇంటి గుమ్మంలో అడుగు పెట్టబోయి ఆగిపోయింది.

వాసన...! కుళ్ళిన చేప, నాచు, తుప్పు పట్టిన ఇనుము, తడిసి మురిగిన గోనెసంచి, అన్నీ కలిసిన దుర్గంధం లోపలినుంచి ముఖం మీదికి కొట్టింది. పండగ పూట వెల్లుల్లి కూడా పొయ్యి ఎక్కని ఇల్లది! సముద్రమా, ఏ దిక్కుకు పోయినా రాత్రంతా రైలు ప్రయాణం. ముక్కుకు పైట అడ్డం పెట్టుకున్నా ఆ కంపు నాలుక మీదికి దిగింది.కడుపులో తిప్పింది.

"రా బిందూ, బిన్నా రా. స్వామి నీ కోసమే కాసుకోనుండాడు" అన్నాడు ఆమె చిన్నాయన గంగాధరం. ఊళ్ళో ఎరువుల అంగడి ఆయనది. నుదుటి నిండా విభూతి, కళ్ళ నిండా బెదురు.

"అమ్మ యాడుండాది?"

ఆయన నడిమింట్లోకి వేలు చూపించాడు.

అక్కడ బొగ్గుపొడితో గీసిన వలయం మధ్యలో ఆమె తల్లి అలివేలమ్మ కూర్చుని ఉంది. కాదు, ఊగుతోంది! అలల మీద పడవ ఎలా ఊగుతుందో అలా... ఎడమకు, కుడికి, ఎడమకు, కుడికి! జుట్టు తడిసి ముఖానికి అతుక్కుపోయింది. చీర కొంగునుంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కన గిన్నెలో ఎండుచేపలు. చేప పేరు ఎత్తితే లెంపలేసుకునే ఆ మహాతల్లి వాటిని పచ్చిగా, ముళ్ళతో సహా, కరకరమని నములుతోంది! పెదాల చివరనుంచి బూడిదరంగు చొంగ చీరమీదికి తీగలు సాగుతోంది.

ఆమె ఎదుట ఒక కపాలం. కపాలం వెనక బసవరాజు!

మూడు వారాల కిందట, దూరదేశాల్లో పోయినవాళ్ళకు శాంతి చేయిస్తాడని చెప్పి చిన్నాయన తీసుకొచ్చిన మనిషి. తుంగభద్ర అవతలినుంచి వచ్చానన్నాడు. బలిసిన మెడ, పసుపు పచ్చని గోళ్ళు, మాట్లాడినప్పుడల్లా చిగుళ్ళ సందుల్లోంచి బుడగలు కట్టే ఉమ్మి. ఆ రోజే అతన్ని చూసి హిమబిందుకు ఒళ్ళు జలదరించింది. ఒళ్ళు చెప్పిన మాట వినకపోవడమే ఆమె చేసిన తప్పు. చదువుకున్న దాన్ని కదా, మనిషి రూపం చూసి అసహ్యించుకోకూడదని తనకు తానే బుద్ధి చెప్పుకుంది!

హిమబిందు ఆదోనిలో జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతుంది. తర్పణాలప్పుడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు పేర్లు చెప్పాల్సిన చోట, ఆ ఇంట్లో రెండే చెప్పి పురోహితుడు గొంతు సవరించుకునేవాడు. చెప్పకుండా దాటేసిన ఆ పేరు కోసం ఆమె రెండేళ్ళు తవ్వింది. అటకమీది రేకుపెట్టెలో పాత కాగితాలు దొరికాయి. ఓడరేవు దఫ్తరాలకు రాసింది. విదేశాల్లోని పాత రికార్డులవాళ్ళకు ఉత్తరం మీద ఉత్తరం పెట్టింది. చివరికి మనిషి దొరికాడు. తిమ్మయ్య! కరువుకు తాళలేక పంతొమ్మిదివందల ఇరవైనాలుగులో కోసిగి స్టేషన్లో బొంబాయి రైలెక్కి, 'లేడీ అగస్టా' అనే ఓడ అడుగున కొలిమికి బొగ్గు ఎగదోసే ఖలాసీగా చేరిన ముత్తాత. ఓడ పనిలో చేరినప్పటి అతని గుర్తింపు పుస్తకం నకలు వచ్చింది. అందులో అతని తల్లి పేరు ఉంది, నల్లటి బొటనవేలి ముద్ర ఉంది. ఆ ముద్ర మీద ఆమె వేలు పెట్టి చూసుకుని మురిసిపోయింది.

ఆ నకలునే తీసుకెళ్ళి బసవరాజు చేతుల్లో పెట్టింది! శాంతి కదా అని, స్వయంగా, తన చేతులతో!

ఆ సాయంత్రమే అలివేలమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు చెంబులు చెంబులుగా తాగడం మొదలుపెట్టింది... అతను చచ్చిన తేదీ కూడా తెస్తే శాంతి ముగిసి ఆమెకు నయమవుతుందని బసవరాజు నమ్మించాడు.

"వచ్చితివా పిల్లా!" బసవరాజు కళ్ళు తెరిచాడు. "తెస్తివా? వాడు సచ్చిన తేదీ తెస్తివా?"

పొద్దున బస్సులో ఉండగా ఆమె ఫోనుకు ఆ ఓడ దినచర్య పుస్తకంలోని పుట వచ్చిన మాట నిజం. పైన ఒక్క ముక్క చదివేలోగా సిగ్నలు పోయింది. తర్వాత తల్లి గురించి చిన్నాయన ఫోను. మిగతాది చూసే తీరిక ఎక్కడిది?

"మొదట మా అమ్మను వదులు. శాంతి అంటివి. ఇదేనా శాంతి?"

బసవరాజు నవ్వాడు. నవ్వుతో పాటు ఎర్రటి ఉమ్మి ఎగిరి కపాలం మీద పడింది. దాన్ని వేలితో తీసి, తిరిగి నోట్లో పెట్టుకుని చప్పరించాడు. హిమబిందు తల తిప్పుకుంది.

"శాంతా! నీకు తెలీదా? మీ ఇంటోళ్ళు వాడు బతికుండంగనే సావు కర్మ చేసినారు! సముద్రం దాటినాడు, కులం చెడినాడని నీళ్ళ కుండ కాలితో తన్ని, మావోడు సచ్చెనని తానం చేసినారు! బతికుండంగా పిండం పడినోడికి సచ్చినాక దిక్కు యాడిది? వానికి ఎవురూ నీళ్ళు వదల్లే. ఎవురూ ఏడ్చలే. అట్లా దిక్కులేని పీనుగ కోసరం ముప్పై ఏండ్లు తిరిగినా! తల్లి పేరు దొరికె, ఏలిముద్ర దొరికె. ఇంగ తేదీ దొరికితే ఈ కపాలంలో వాడు నా కుక్క! నేను సూపిన గొంతు కొరుకుతాడు!"

"మరి మా అమ్మ?"

"ఆయమ్మ వాన్ని దించుకునే మట్టిముంత. పని అయినాక ముంతను పగలగొట్టాల గదా?"

హిమబిందు చిన్నాయన వైపు చూసింది. ఆయన గోడకు అతుక్కుపోయాడు. కుండ తన్నిన సంగతి ఏ రికార్డులోనూ లేదు. ఇంటివాళ్ళు తప్ప బయటివాడికి తెలిసే వీలు లేదు. అంటే బసవరాజుకు చెప్పింది ఎవరో ఇక అడగనక్కరలేదు.

"పన్నెండు కొట్టేలోపల చెప్పకపోతే మీ అమ్మ ఈడనే మునిగి సస్తాది సూడు!"

అతను కపాలం మీద అరచెయ్యి బోర్లించాడు. అంతే! అలివేలమ్మ కీచుమని అరిచింది. ఆ అరుపు మధ్యలోనే గుడగుడమని మునిగిపోయింది! నోట్లోంచి, ముక్కులోంచి ఉప్పునీళ్ళు ఉబికాయి. నీళ్ళతో పాటు జిగట నాచు, కుళ్ళిన తాడు పేలికలు, బతికున్న చిన్న పీతలు బయటికొచ్చి ఆమె గడ్డం మీద పాకాయి. కళ్ళు పైకి తేలిపోయాయి. చేతులు గాలిలో ఈదుతున్నాయి!

"అమ్మా!"

"తేదీ!"

"చెప్తా! చెప్తా ఆగు!"

హిమబిందు ఫోను తెరిచింది. ఇంగ్లీషు రాతను తెలుగులో చదవసాగింది. "పంతొమ్మిదివందల ముప్పైమూడు, డిసెంబరు పద్నాలుగు. తెల్లవారుజామున నాలుగు గంటలకు. ఎర్ర సముద్రం దాటినాక. కొలిమి పనివాడు తిమ్మయ్య, జ్వరంతో మరణించాడు..."

గది కిటికీలు దభాలున మూసుకున్నాయి! కపాలం కంటిగుంటల్లో పచ్చటి వెలుగు వెలిగింది. బసవరాజు రెండు చేతులూ పైకెత్తి ఆవేశంతో ఊగిపోతూ, "తిమ్మయ్యా! దిక్కులేనోడా! నీళ్ళు ముట్టనోడా! నా పాదాల కాడికి రా!" అని అరిచాడు.

హిమబిందు కళ్ళు మాత్రం ఫోను మీదినుంచి కదల్లేదు. తేదీ కింద ఇంకా ఉంది. కప్తాను స్వదస్తూరీతో పుట అడుగుదాకా రాశాడు. ఆమె పెదవులు వాటంతట అవే కదిలాయి.

"శవాన్ని తెరచాప గుడ్డలో కుట్టారు. వాళ్ళ జట్టు పెద్ద, సరంగు ఖాదర్ ప్రార్థన చేశాడు. నీళ్ళు దొరకని సీమనుంచి వచ్చినవాడని చెప్పి, కొలిమి పనివాళ్ళు నలభై ఒక్కమందీ ఆ దినం తమ వంతు మంచినీళ్ళు తాగకుండా..."

"సాలు! తేదీ సాలు! ఆపు!" బసవరాజు గొంతు బొంగురుపోయింది.

ఆ గొంతులో భయం విన్నది హిమబిందు! మూడు వారాల్లో మొదటిసారి వాడి ముఖంలో నెత్తురు తగ్గింది. ఆమె ఇంకా గట్టిగా చదివింది. "...తాగకుండా, ఒక్కొక్కరే వచ్చి, అతని పేరు చెప్పి, ఆ నీళ్ళు సముద్రంలో పోశారు. నిప్పులు చెరిగే కొలిమి వేడిలో ఆ రోజంతా వాళ్ళు దాహంతో పనిచేశారు. నేను వద్దనలేకపోయాను. పోసినవారి పేర్లు..."

"ఆపవే ముండా!"

"ఖాదర్ సరంగు!"

వీధి తలుపు మీద దబ్బున ఒక దెబ్బ పడింది.

"ఇస్మాయిల్! మూసా! జోసెఫ్! అబ్దుల్ గఫూర్!"

ఒక్కో పేరుకు ఒక్కో దెబ్బ! గోడలు చెమర్చాయి. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడిపడింది. గచ్చు పగుళ్ళలోంచి నల్లటి నీళ్ళు ఎగదన్నాయి. ఆ నీళ్ళలో తడి అడుగులు... మనుషులు కనపడలేదు, అడుగులే! పది... ఇరవై... నలభై! బొగ్గు మసి కలిసిన తడి అడుగులు గది నాలుగు మూలలనుంచీ బయల్దేరి, అలివేలమ్మను తాకకుండా చుట్టూ తప్పుకుని, బసవరాజు వైపు నడిచాయి!

"దిక్కులేనోడంటివే!" బసవరాజు గంగాధరం వైపు తిరిగి వెర్రికేక పెట్టాడు. "నీళ్ళు పోసినోళ్ళు ఉండారని సెప్పకపోతివేం రా! ఇంతమంది సుట్టాలున్నోన్ని నాతో పిలిపిస్తివి గదరా పాపీ!"

అదే వాడి చివరి మాట. నోరు తెరిచినప్పుడు అందులోంచి నీళ్ళు దూకాయి. ఉప్పునీళ్ళు! వాడు నోరు మూసుకోబోయాడు, దవడలు మూతపడలేదు. కనపడని చేతులెవరివో వాటిని పట్టుకున్నాయి. పొట్ట బానలా ఉబ్బింది. చెవుల్లోంచి పీతలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికొచ్చాయి. ఒక చేప, చేయంత పొడుగుది, వాడి గొంతులోనుంచి తోక ముందుగా వెలువడి నేలమీద పడి కొట్టుకుంది. చర్మం ఉబ్బి, తెల్లబడి, నానిన అటుకుల్లా వేళ్ళ మీదినుంచి జారిపోయింది. కపాలం పటుక్కున రెండు చెక్కలైంది. గోడ గడియారం పన్నెండు కొట్టడం ముగిసేసరికి బసవరాజు కదలడం మానేశాడు.

కిటికీలు తెరుచుకున్నాయి. ఎండ లోపలికొచ్చింది. నేలమీద నీళ్ళు ఇంకిపోయి, ఉప్పు తెల్లగా పేరుకుంది.

సాయంత్రం పోలీసులొచ్చారు, శవాన్ని తీసుకుపోయారు. ఊపిరితిత్తుల నిండా సముద్రపు నీళ్ళున్నాయని డాక్టరు చెబితే, ఎస్సై మూడుసార్లు చెప్పించుకుని, చివరికి ఏం రాసుకోవాలో తెలియక టోపీ తీసి తల గోక్కున్నాడు.

అలివేలమ్మ మంచంమీద పడుకుంది. కళ్ళు తన కళ్ళే, గొంతు తన గొంతే. కూతురు చెంచాతో గంజి తాగిస్తుంటే మెల్లగా నోరు విప్పింది.

"పాపం, ఆయప్ప నన్నేమీ చేయలే బిందూ. ఆ పాపిష్టోడు మెడ పట్టి తోస్తే లోపలికొచ్చినాడు గానీ... ఇరవై దినాలూ ఒకటే మాట అడుగుతాండె. గొళ్ళెం తీయండి, గొళ్ళెం తీయండి అని. ఏ గొళ్ళెమో నాకు తెలీలే."

నేలమీద ఫినాయిలు పోసి పరపరా రుద్దుతున్న గంగాధరం చెయ్యి ఆగింది.

"చిన్నాయనా," అన్నది హిమబిందు. "నీకు తెలుసు."

ఆయన చీపురు వైపు చూస్తూ చెప్పాడు. "మా జేజి, ఆయప్ప పెండ్లాం, పోయేముందర సెప్పింది. కర్మ చేసిన రెండేండ్లకు ఒకసారి వచ్చినాడంట. ఓడ బట్టల్తోనే. మూడు దినాలు వాకిట్లో ఎండలో కూసున్నాడంట. లోపల గొళ్ళెం పెట్టుకోని ఎవురూ పలకలేదంట. జేజి చెంబుతో నీళ్ళు పట్టుకోని లేస్తే పెద్దోళ్ళు చెయ్యి ఇరగ్గొట్టినారంట. నాలుగో దినం ఎల్లిపోయినాడంట."

"తెలిసీ వాణ్ణి పిలిపించి కట్టేయమన్నావా ఆయన్ని?"

"నువ్వు ఊరంతా సెప్తాంటివి గదమ్మా, కాలేజీ పుస్తకంలో ఏస్తానంటివి. ఆయప్పను కట్టేస్తే ఈ కథ ఈడనే అణిగిపోతాదనుకుంటి. ఇంటి పరువు..." అని నసిగి, ముక్కు ఎగబీల్చి, "ఈ చేపల కంపు పోయేదాకా ఇంట్లో దీపం పెట్టగూడదు. మైల" అన్నాడు, మళ్ళీ రుద్దడం మొదలుపెడుతూ.

హిమబిందు గంజి గిన్నె కింద పెట్టి లేచింది. పెరట్లోకి పరిగెత్తి, గోడ పట్టుకుని, భళ్ళున వాంతి చేసుకుంది. బసవరాజు చెవుల్లోంచి పీతలు పాకుతున్నప్పుడు కూడా ఆమెకు అది రాలేదు.