మంత్రిగారు తాగిన కాఫీ

అరీజ్ వాయిల్‌ను మొదటిసారి చూసిన రోజే తిట్టింది.

ఆ రోజు అమ్మాన్‌లో వాన. ప్రతినిధుల సభ మెట్ల మీద నీళ్లు కాలువ కట్టాయి. లోపల ఆర్థిక కమిటీ కూర్చుంది. బడ్జెట్ నెలలో ఒక్కో శాఖ మంత్రి వచ్చి తన పద్దును అక్కడ ఒప్పించుకోవాలి. సభ్యులు అడ్డుప్రశ్న వేస్తే మంత్రిగారు వెనక్కి చెయ్యి చాపుతారు. వెనక కూర్చున్న కుర్రాడు ఆ చేతిలో చీటీ పెట్టాలి. వాయిల్ ఉద్యోగం అదే. శాఖ పేరు ఇక్కడ అనవసరం.

కమిటీ ఇంకా పిలవలేదు. వాయిల్ కారిడార్‌లో ఫైలు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. ఒకమ్మాయి తడిసిన కోటు లోంచి కాగితం తీసి అతనికిచ్చింది. కమిటీ గుమాస్తా అనుకుంది. ఆమే అరీజ్, దక్షిణాన కొండల మీది అయిన్ సిద్ర నుంచి గెలిచిన సభ్యుడు అబూ ఫవ్వాజ్ కూతురు. తండ్రి కారు నడిపేదీ, కాగితాలు రాసేదీ ఆమే.

వాయిల్ చదివాడు. అయిన్ సిద్ర ఆసుపత్రికి ఒక కాన్పు గది, ఒక డాక్టరమ్మ, బడ్జెట్‌లో కలపాలని సవరణ.

"ఇది చెల్లదండీ," అన్నాడు.

"ఎందుకు? మా నాన్న సంతకం ఉంది కదా."

"సంతకానికేం, బాగుంది. సభ్యులు బడ్జెట్‌లో కలపడానికి లేదు. ప్రభుత్వం రాసినదాంట్లో తగ్గించొచ్చు. అంతవరకే. రాజ్యాంగంలోనే అలా ఉంది."

"అంటే మా ఊరి ఆడవాళ్లకు మంచం అడక్కూడదు. మీ మంత్రిగారి మంచం కోళ్లు మాత్రం కోసుకోవచ్చు."

"కోసుకోవచ్చు," అన్నాడు వాయిల్. నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాడు.

అదే తప్పయింది. కొండ దిగి వచ్చినవాళ్లంటే పట్నం వాళ్లకు వేళాకోళంగా ఉంటుందని, చదువుకున్న మొహం పెట్టుకుని నవ్వడానికి సిగ్గుండాలని అనేసి, కాగితం లాక్కుని వెళ్లిపోయింది. నిన్ను చూసి నవ్వలేదని చెబుదామని వెంట వెళ్లాడు. మెట్ల దగ్గర వాన తప్ప ఎవరూ లేరు.

వారం తిరక్కముందే మళ్లీ వచ్చింది. ఈసారి నేరుగా అతని దగ్గరికే వచ్చి కాగితం ముక్కు కింద పెట్టింది.

"మీరే చెప్పారుగా కోయొచ్చని. కోశాం."

అది కోత తీర్మానం. వాయిల్ శాఖ కట్టుకుంటున్న కొత్త భవనానికి సామాను, కార్లు. మొత్తం కొట్టేయాలని. ఆ పద్దు రాసింది వాయిలే. తనకొక గది వస్తుందని, గుండ్రంగా తిరిగే కుర్చీ వస్తుందని తల్లికి చెప్పుకున్నాడు కూడా.

"ఇందులో నా కుర్చీ కూడా ఉందండీ."

"అయితే నిలబడండి. మా ఊరి ఆసుపత్రి ముందు ఆడవాళ్లు నిలబడే ఉంటారు."

అబూ ఫవ్వాజ్ లెక్క తేలికైనది. కలపడం చేతిలో లేనప్పుడు కోయడమే బలం. కొత్త భవనం మీద మంత్రిగారికి ప్రాణం. దాని మీద కత్తెర పెట్టి, చేతులెత్తేవాళ్లను కూడగడితే, ప్రభుత్వమే దిగివచ్చి మాట్లాడుతుంది. కాన్పు గదిని అదే రాసుకొస్తుంది. అప్పుడు కత్తెర తీసేయొచ్చు. ముల్లును ముల్లుతోనే తీయాలి అనేవాడు. ఇల్లిల్లూ తిరిగి ఆ గది తెస్తానని మాటిచ్చి గెలిచిన మనిషి.

ఆ గది సంగతి అరీజ్ ఒకసారే చెప్పింది, కిటికీ బయటికి చూస్తూ. ఆమె అక్క నజ్లాకు నొప్పులొస్తే పికప్ వెనక పడుకోబెట్టి కొండ దింపారు. సగం దారిలోనే కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. నజ్లా అప్పట్నుంచి ఆ దారిన వెళ్లాల్సివస్తే కళ్లు మూసుకుంటుంది.

ఆ రోజు వాయిల్ నవ్వలేదు. మొదటిరోజు నవ్వినందుకు క్షమించమన్నాడు. ఆ మాట ఇంత ఆలస్యంగా అనేవాడికి చీటీలందించే ఉద్యోగం ఎవరిచ్చారని అడిగింది.

తర్వాత రోజూ కలిశారు. కమిటీ కూర్చున్నన్నాళ్లూ ఆమెకు తండ్రితో పని, అతనికి మంత్రితో పని. ఫలాఫెల్ వడల కొట్టు ముందు ఒక గొడుగు కింద నిలబడి తినడం అలవాటైంది. గొడుగు ఆమెదే. అతని భుజం తడిసేది. సర్కారు భుజం, తడిస్తే కొత్తది రాసుకుంటారులే అనేది.

సభలో ఒక ముసలాయన కాఫీ కూజా పట్టుకుని తిరుగుతూ ఉంటాడు. చక్కెర లేని చేదు కాఫీ, పిడి లేని చిన్న కప్పు. కప్పు ఊపి ఇస్తే ఇక చాలని అర్థం. ఊపకపోతే పోస్తూనే ఉంటాడు. ఒకరోజు అరీజ్ ఎదుటి బల్ల మీద కూర్చుని తల తుడుచుకుంటోంది. వాయిల్ చూస్తూ తాగాడు. ముసలాయన పోశాడు. తాగాడు. మళ్లీ పోశాడు.

"కప్పు ఊపు, వాయిల్," అంది అరీజ్. "దేశంలో కాఫీ అయిపోయేట్టుంది. దానికి కూడా మా నాన్న చేత కోత పెట్టించాల్సొస్తుంది."

అతని పేరు ఆమె నోట రావడం అదే మొదలు. కప్పు ఊపడం అప్పుడు కూడా మరిచిపోయాడు.

మనసులో మాట అతనే ముందు చెప్పాడు, గొడుగు కిందే. ఆమె చెప్పులకంటిన బురద చూసుకుంది.

"తీర్మానం వెనక్కి తీసుకోమంటావా ఏంటి?"

"వద్దు. కుర్చీ పోతే పోనీ. నువ్వుండు."

"ఇంట్లోవాళ్లను పంపించు మరి," అంది. గొడుగు అతని చేతిలో పెట్టి వానలో నడుచుకుంటూ వెళ్లిపోయింది.

వాయిల్ మేనమామ వెళ్లి అబూ ఫవ్వాజ్‌తో మాట్లాడాడు. అబూ ఫవ్వాజ్ కూతుర్ని అడిగాడు. కూతురు తల వంచుకుంది. సరేనన్నాడు. ఇక మిగిలింది పెద్దల రాక. అబ్బాయి వైపు పెద్దమనుషులు కట్టకట్టుకుని అమ్మాయి ఇంటికి వెళ్తారు. ఎంత పెద్దవాడు ముందు నడిస్తే అంత గౌరవం. కాఫీ పోస్తారు. ముందు నడిచిన పెద్దమనిషి తన కప్పు తాగకుండా కింద పెడతాడు. పిల్లనిస్తున్నామనే మాట వచ్చాకే తాగుతాడు. మాట ముందే అయిపోయి ఉంటుంది, అయినా అందరి ముందూ కప్పు చల్లారకముందే చెప్పాలి.

వాయిల్‌కు తండ్రి లేడు. తల్లి బట్టలు కుట్టి చదివించింది. ముందు నడిచే పెద్ద ఎవరా అని ఇంట్లో మల్లగుల్లాలు పడుతుంటే, కారులో వెళ్తూ మంత్రిగారే అడిగారు. ఆ అమ్మాయి అబూ ఫవ్వాజ్ కూతురే కదా అని. అవునన్నాడు. మంచి కుటుంబం, నేను ముందు నడుస్తాను అన్నారు. ఈ శుక్రవారమే వెళ్దాం అన్నారు.

ఆదివారం సభలో ఓటింగ్.

తల్లి వీధి వీధంతా చెప్పుకుంది. మేనమామ కొత్త అంగీ కుట్టించుకున్నాడు. వాయిల్‌కు కాళ్లు నేల మీద ఆనలేదు.

శుక్రవారం అయిన్ సిద్రలో కూడా వాన పట్టుకుంది. అబూ ఫవ్వాజ్ ఇంటి ముందు కార్లు బారులు తీరాయి. ఊరంతా గుమ్మాల్లో నిలబడింది. నడింట్లో గోడ పొడుగునా మగవాళ్లు కూర్చున్నారు. లోపలి తలుపుకు తెర. తెర వెనక ఆడవాళ్లు.

మంత్రిగారు దిగుతుంటే అబూ ఫవ్వాజ్ గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ముందుకొచ్చి కావలించుకున్నాడు. ఎవరొస్తున్నారో అతనికెవరూ చెప్పలేదు. గౌరవంగా ఉంటుందని, చెప్పొద్దని, మంత్రిగారే అన్నారు.

కాఫీ పోశారు. మంత్రిగారు కప్పు కింద పెట్టారు.

"అబూ ఫవ్వాజ్, మీ ఇంటి పిల్లను మా పిల్లాడికి అడగడానికొచ్చాం. ఇస్తానంటే ఈ కాఫీ తాగుతాం. ఇస్తే ఇవాళ్టి నుంచి మీరూ మేమూ చుట్టాలం. చుట్టాల మధ్య కత్తెర ఎందుకు చెప్పండి."

అందరూ నవ్వారు. మంచి మాట అన్నారనుకున్నారు. అబూ ఫవ్వాజ్ నవ్వలేదు. వాయిల్ వంక చూశాడు. వాయిల్ తివాచీ వంక చూశాడు. ఏం జరుగుతోందో అతనికి అప్పుడు తెలిసింది. తెలిసీ నోరు తెరవలేదు.

ఇవ్వనంటే ఇచ్చిన మాట పోతుంది, కూతురు పేరు కొండల్లో ప్రతి పొయ్యి దగ్గరా ఉడుకుతుంది. ఇస్తానంటే ఇంటికొచ్చిన చుట్టం మీద ఎల్లుండి లేచి నిలబడడానికి నోరుండదు. చుట్టం మీద లేవడం అక్కడి మనిషికి చావుతో సమానం.

పైకప్పు మీద వాన వినబడుతోంది. కప్పు మీద ఆవిరి తగ్గుతోంది.

"తాగండి," అన్నాడు అబూ ఫవ్వాజ్.

మంత్రిగారు ఒక్క గుక్కలో తాగి కప్పు ఊపారు. తెర వెనక ఆడవాళ్లు సంతోషంగా కేకలు వేశారు. వాయిల్ చెవులు రిక్కించి విన్నాడు. నజ్లా గొంతు అందులో లేదు.

ఉంగరం తొడిగేటప్పుడు అరీజ్ చెయ్యి చల్లగా ఉంది. వానకనుకున్నాడు. అలా అనుకోవడం తేలిక.

ఆదివారం స్పీకర్ పద్దులు చదువుతూ పోయాడు. ఒక్కో పద్దుకు చేతులు లేవడం, ఆమోదించడమైనది అనడం, పేజీ తిప్పడం. వాయిల్ శాఖ వచ్చింది.

"అబూ ఫవ్వాజ్ గారి కోత తీర్మానం ఉంది," అన్నాడు స్పీకర్.

చెయ్యెత్తుతామని మాటిచ్చినవాళ్లంతా అబూ ఫవ్వాజ్ వంక తిరిగారు. ఆయన లేచాడు. తలగుడ్డ సర్దుకున్నాడు. పై గ్యాలరీలో కూర్చున్న కూతురి వైపు చూడలేదు.

"వెనక్కి తీసుకుంటున్నాను."

కూర్చున్నాడు. చేతులు లేచాయి. ఆయన చెయ్యి లేవలేదు. ఆమోదించడమైనది అన్నాడు స్పీకర్, పేజీ తిప్పాడు.

మంత్రిగారి చెయ్యి వెనక్కి వచ్చింది. వాయిల్ అలవాటుగా చీటీ వెతికాడు. ఆ చేతికి చీటీ అక్కర్లేదు. అతని మోకాలు మీద మెల్లగా తట్టి వెళ్లిపోయింది. తలెత్తితే, గ్యాలరీలో అరీజ్ సరిగ్గా అదే చూస్తోంది.

మెట్ల దగ్గర ఆమెను పట్టుకున్నాడు.

"నాకు తెలీదు అరీజ్. ఒట్టు."

"తెలీదు. నమ్ముతాను. శుక్రవారమే ఎందుకండీ అని అడిగావా?"

వాయిల్ ఫైలు ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకున్నాడు.

"నాన్నకు చెప్పొద్దు అన్నప్పుడు, ఎందుకండీ అని అడిగావా?"

"సంతోషంలో..."

"మా నాన్న రెండు ఎన్నికలు ఓడిపోయాడు, వాయిల్. తల దించలేదు. మొన్న మా ఇంట్లో దించాడు. నాకోసం."

"ఉద్యోగం మానేస్తాను."

"మానెయ్. కాన్పు గది వస్తుందా?"

ఉంగరం తీసింది. అతను చెయ్యి వెనక్కి తీసుకోబోతే పట్టుకుని అరచేతిలో పెట్టింది. చీటీలందించే చెయ్యే.

"మొదటిరోజు నువ్వే చెప్పావు. ఇక్కడ కలపడానికి లేదని."

వాన పడటం లేదు. గొడుగు మాత్రం తెరుచుకుని వెళ్లింది.

వేసవికి కొత్త భవనం తెరిచారు. వాయిల్‌కు గది వచ్చింది. కుర్చీ వచ్చింది, గుండ్రంగా తిరిగేదే. ఉద్యోగం మానలేదు. తల్లి కళ్లు సూదిలో దారం ఎక్కించలేని స్థితికొచ్చాయి, ఇల్లు గడవాలి అని చెప్పుకున్నాడు. అది నిజమే. అయినా కుర్చీలో వెనక్కి వాలలేకపోయేవాడు.

ఒక శుక్రవారం ఒక్కడే బస్సెక్కాడు. మంత్రి లేడు, మేనమామ లేడు. అయిన్ సిద్రలో ఆసుపత్రి తలుపుకు తాళం. నీడలో ఒక నిండు చూలాలు చెప్పులు విప్పి కూర్చునుంది. డాక్టరు వస్తాడా అని అతన్నే అడిగింది. తెలియదన్నాడు.

అబూ ఫవ్వాజ్ గుమ్మంలోకొచ్చి, రా బాబూ అన్నాడు. కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. ఎండల గురించి, ఆలివ్ చెట్ల గురించి మాట్లాడాడు. మళ్లీ పోటీ చేయనన్నాడు. ఎందుకని వాయిల్ అడగలేదు. కాఫీ తనే పోశాడు.

వాయిల్ కప్పు తాగకుండా కింద పెట్టాడు.

అబూ ఫవ్వాజ్ కప్పు వంక చూశాడు. వాయిల్ వంక చూశాడు. లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

తెర తొలగింది. అరీజ్ వచ్చింది. చిక్కింది. చేతిలో కూజా ఉంది. ఎదురుగా కూర్చోలేదు, నిలబడే ఉంది. ఆ కప్పును చూసింది.

"ఈసారి ఎవరూ పంపలేదు," అన్నాడు వాయిల్. "నేనే వచ్చాను."

"ఆ రోజు రావాల్సింది ఇలా."

వంగి కప్పు తీసుకుంది. గుమ్మం బయట మట్టిలో ఆ కాఫీ పారబోసింది. తిరిగొచ్చి కూజా లోంచి వేడిది పోసి అతనికి అందించింది.

"తాగు. ఎండన పడి వచ్చావు. ఇది అతిథికి పోసేది."

తాగాడు. ఖాళీ కప్పు అలాగే చాపాడు. ఆమె పోసింది. తాగాడు. మళ్లీ చాపాడు. కప్పు ఊపనంతవరకు పోయక తప్పదు. పోస్తున్నంతసేపు ఆమె ఎదురుగానే నిలబడాలి.

కూజా తేలికయింది.

"కప్పు ఊపు, వాయిల్," అంది.

ఊపాడు.