పుచ్చకాయకి బెల్టు పెట్టిన బాబాయి

"ఆ పుచ్చకాయ తినడానికి కాదని ఎన్నిసార్లు చెప్పాలండీ?" అంది వదిన.

"తినడానికి కాకపోతే పెంచుకోవడానికా?" అన్నాడు అన్నయ్య, చేతిలో కత్తితో.

"సరిగ్గా పాప బరువుంది. తూయించి మరీ తెచ్చాను. కత్తి లోపల పెట్టండి."

ఈ గొడవకంతటికీ మూలం హాల్లో సగం ఆక్రమించిన జాగింగ్ స్ట్రోలర్, అంటే పాపని కూర్చోబెట్టి తోసుకుంటూ పరిగెత్తే బండి. బస్సు వెనక తప్ప ఎన్నడూ పరిగెత్తని అన్నయ్య, ఐదు నెలల కూతురితో కలిసి పరిగెత్తాలని దాన్ని కొన్నాడు. పిల్లల డాక్టరు ఒక్కమాటలో ఆపేసింది: "మెడ, నడుము గట్టిపడాలి. ఎనిమిది నెలలు నిండాక నన్నడిగి పరిగెత్తండి."

వదిన దానికి ఇంకో నియమం చేర్చింది. పాపతో పరిగెత్తాలనుకున్నవాళ్ళు ముందు పుచ్చకాయతో పరిగెత్తాలి. చీలిక లేకుండా ఇంటికి తేవాలి.

అన్నయ్య మొదటిరోజే ఫెయిలయ్యాడు. తన పరుగుని తనే వీడియో తీసుకుంటూ బండిని గోడకి కొట్టాడు. పగిలిన కాయని మాత్రం దిగులన్నది లేకుండా తిన్నాడు.

తరవాతి వంతు తమ్ముడిది. ఊళ్ళో లిఫ్టుల్ని పరీక్షించి సంతకం పెట్టే ఇంజనీరు అతను.

"నాకు చెప్పొద్దు వదినా. సేఫ్టీ నా ఉద్యోగం."

"ఉద్యోగంలో సరే. కాయకి బెల్టులన్నీ పెట్టు. పరిగెత్తేటప్పుడు ముందు చక్రం పక్కలకి తిరగకుండా లాక్ చెయ్యి. హ్యాండిల్ పట్టీ మణికట్టుకి తగిలించుకో. ఫోన్ ఇలా ఇవ్వు."

వారం రోజులు అన్నీ పాటించాడు. అయితే పార్కులో ఎర్రటోపీ అమ్మాయి ఒకతె ఎదురుగా పరిగెత్తుతూ, బండివైపు చూసి నవ్వేది. ఆ నవ్వు తనకేనని అతని లెక్క. పట్టీ ఉంటే దర్జాగా చెయ్యి ఊపడం కుదరదు. అందుకని ఆ ఆదివారం పట్టీ తీసేశాడు.

వాలు మొదలయ్యే చోట ఆమె కనిపించింది. ఒక చెయ్యి ఊపాడు. రెండో చెయ్యి, ఆలోచించకుండానే, జుట్టు సర్దుకోవడానికి వెళ్ళింది.

బండి తన దారిన తను వెళ్ళింది.

అతను పరిగెత్తాడు. ఆమె ఇంకా వేగంగా పరిగెత్తింది. చక్రం గట్టుకి గుద్దుకున్నాక హ్యాండిల్ అందుకుని, కాలితో బ్రేక్ నొక్కింది. ఆయాసపడుతూ అతనివైపు తిరిగింది.

"ఎన్ని నెలలు?"

"ఐదు," అన్నాడు అలవాటుగా.

"ఐదు నెలల పిల్లతో పరుగా? పట్టీ ఏది? మీరసలు తండ్రేనా?"

"కాదండీ, బాబాయిని. లోపల పాప లేదు."

ఆమె పైన కప్పిన దుప్పటి తీసింది. బెల్టులన్నీ పెట్టుకుని, నిలువునా చీలిన పుచ్చకాయ. వదిన పరీక్ష గురించి అతను చెప్పుకొచ్చాడు. ఆమెకి నవ్వు రాలేదు.

"పాప అయ్యుంటే?"

అతను తల దించుకుని, హ్యాండిల్ పట్టీ మణికట్టుకి తగిలించుకున్నాడు.

"ఏం చేస్తుంటారు మీరు?"

"లిఫ్టులు సేఫో కాదో చూసి సంతకం పెడతాను."

"ఏ బిల్డింగుల్లోనో చెప్పండి. మెట్లెక్కుతాను."

చినుకులు మొదలయ్యాయి. తిడుతూనే ఆమె పుచ్చకాయ తడవకుండా బండి పైకప్పు లాగింది. అది చూసి అతని గుండె కూడా వాలులో పడింది.

అతని చూపు వీధి మలుపులో పళ్ళ షాపు మీదికి వెళ్ళడం ఆమె గమనించింది.

"ఇంకోటి కొని ఇంట్లో పెట్టేద్దామనేగా?"

"అవునండీ."

"వద్దు. ఇదే తీసుకెళ్ళి నిజం చెప్పండి. రేపొచ్చి ఏం జరిగిందో నాకూ చెప్పండి. అబద్ధమైతే తెలిసిపోతుంది. నేను డ్రైవింగ్ నేర్పుతాను. క్లచ్ తొక్కి బ్రేక్ తొక్కానని చెప్పేవాళ్ళని రోజూ చూస్తుంటాను."

మధ్యాహ్నం భోజనాల దగ్గర తమ్ముడు పగిలిన కాయని బల్లమీద పెట్టాడు.

"పట్టీ పెట్టుకోలేదు వదినా. రెండు చేతులూ వదిలేశాను. పాపే అయ్యుంటే..."

అన్నయ్య కూడా కాయవైపు చెయ్యి చాపలేదు. వదిన ఒడిలో పాపని దగ్గరికి తీసుకుంది.

"చేతులు ఎందుకొదిలావు?"

ఎందుకో చెప్పాడు. బండిని ఎవరు ఆపారో, ఏమన్నారో కూడా చెప్పాడు.

"బాగా తిట్టిందా?" అంది అమ్మ ఆసక్తిగా.

"చాలా."

"మొదటిసారి కలిసినప్పుడేనా? మన ఇంటి పిల్లలాగే ఉందే."

వదిన తీర్పు చెప్పింది. "పాపకి ఎనిమిది నెలలు నిండినా సరే, నువ్వొక్కడివే ఆ బండి ముట్టుకోకూడదు. ఆ అమ్మాయి పక్కనుంటేనే."

"ఆవిడెందుకుంటుంది వదినా?"

"అడిగితే కదా తెలిసేది," అంది అమ్మ. "మమ్మల్ని వెళ్ళమంటావా?"

తమ్ముడు కంచం పక్కకి జరిపి నిటారుగా కూర్చున్నాడు.

"వద్దు. రేపు నేనే అడుగుతాను. ఒప్పుకుంటే ఆ అమ్మాయినే పెళ్ళి చేసుకుంటాను."

"ఫెయిల్ చేస్తే?" అన్నాడు అన్నయ్య.

"ఆమె డ్రైవింగ్ స్కూల్లోనే చేరతాను."