ఎండ తగలని బ్యాగు

థాయి దేశంలో నొంతబురి అనే ఊళ్ళో ఇళ్ళన్నీ నడుములోతు మునిగిన పెద్ద వరద వచ్చిపోయిన రెండో ఏడు జరిగిన సంగతి ఇది. టెన్నిస్ స్టేడియం గోడల మీద నీటి గీత ఇంకా పోలేదు. పైన రంగు వేశారు. రంగులోంచి కూడా కనబడేది.

సోమవారం, మధ్యాహ్నం రెండు దాటింది. డిటెక్టివ్ తవీ తన ఆఫీసులో బనీనుతో కూర్చుని పచ్చిబొప్పాయి కోరు తిని, పళ్ళసెట్టు కడిగి గ్లాసులో వేసుకున్నాడు. ఆఫీసంటే కుట్టుమిషన్ల దుకాణం మీద ఒక గది. ఒక బల్ల, మూడు కుర్చీలు. అరవై రెండేళ్ళ మనిషి. ఎక్కువ మాట్లాడడు. చెప్పకుండా వెళ్ళిపోయిన మొగుళ్ళను వెతికిపెట్టడం అతని వృత్తి.

మెట్ల మీద బున్మా గొంతు వినబడింది. బున్మా బైక్ టాక్సీ నడుపుతాడు. నలభై ఏళ్ళవాడు. తవీ ఏ కేసు పట్టినా బండి మీద తిప్పేది అతనే. బాడుగ పుచ్చుకోడు. ఆఖర్న తవీ నోరు విప్పి చెప్పేది దగ్గరుండి వినాలి, అంతే అతనికి కావలసింది.

"అన్నా, ఈ అబ్బాయిని చూడు. స్టేడియం గేటు దగ్గర ఏడుస్తుంటే తీసుకొచ్చాను."

"నేనేం ఏడవలేదు," అన్నాడు వెనకొచ్చినవాడు.

అబ్బాయేం కాదు. ముప్ఫైకి ఒకటి తక్కువ. పేరు ఎకరిన్. ఎడమ చేతికన్నా కుడి చెయ్యి లావు.

"నా బ్యాగు పోయింది సార్. ఉన్నవి మూడు రాకెట్లు. మూడూ అందులోనే."

"పోలీసులకి చెప్పలేదా?"

"రాసుకున్నారు. వారం ఆగమన్నారు. రేపు పదింటికి నా ఆట."

"ఇంకొకరిది అడిగి తీసుకో."

ఎకరిన్ బల్ల మీద గ్లాసులో ఉన్న పళ్ళసెట్టు వైపు చూశాడు. "అది పోతే పక్కింటాయన సెట్టు పెట్టుకుంటారా సార్ మీరు?"

బున్మా నాలుక కరుచుకున్నాడు. తవీ మాత్రం నవ్వాడు. గ్లాసులోంచి సెట్టు తీసి పెట్టుకుని, చొక్కా వేసుకున్నాడు.

"రేపటి ఆటలో ఏముంది?"

"ఒక్క పాయింటు సార్. పెద్ద టోర్నీలు మీరు టీవీలో చూస్తారు. మావి టీవీలో రావు, జనం కూడా రారు. అయినా గెలిస్తే పాయింటే. ప్రపంచ పట్టికలో నాది పద్నాలుగు వందల చిల్లర స్థానం. ఉన్నది ఒకే పాయింటు, పోయినేడు ఇదే వారం గెలిచింది. ఏడాది నిండితే తీసేస్తారు. వచ్చే సోమవారం అది పోతుంది. రేపు గెలిస్తే ఇంకోటి వస్తుంది. ఓడితే పట్టికలో నా పేరే ఉండదు. పేరు లేనివాణ్ణి అందరికన్నా అడుగున పెడతారు. ఈ వయసులో నేను మళ్ళీ అడుగునుంచి ఎక్కలేను."

"పద," అన్నాడు తవీ.

స్టేడియం మెట్ల కింద నీడలో సవాంగ్ మిషన్ ఉంది. రాకెట్లకు తీగ బిగించే ముసలాయన. మధ్యాహ్నం పన్నెండింటికి ఎకరిన్ తన బ్యాగు ఆ మిషన్ పక్కనే పెట్టి తిండికి వెళ్ళాడు. ఒంటి గంటకి వస్తే లేదు.

"నువ్వెక్కడున్నావు పెద్దాయనా?" అని అడిగాడు తవీ.

"ఇక్కడే."

"చూడలేదా?"

"కళ్ళు మూసుకుని ఎలా చూస్తాను? కునుకు పట్టింది. రాత్రి పొద్దుపోయేదాకా ముగ్గురి రాకెట్లకు బిగించాను. ఈ ఎకరిన్‌వి, కమ్రోన్‌వి, ఆ ఉజ్బెక్ కుర్రాడివి." అంటూనే అవతలి కోర్టు వైపు అరిచాడు. "ఒరేయ్, ఎవడ్రా బ్యాగు ఎండలో పడేసింది? తీగ వదులైపోతే మళ్ళీ నా నెత్తినే కూర్చుంటారు!"

ఎవడో పరిగెత్తుకొచ్చి బ్యాగు నీడలోకి లాక్కున్నాడు.

"అంత తేడా వస్తుందా?" అన్నాడు తవీ. టెన్నిస్ గురించి అతనికి ఏమీ తెలియదు.

"గంటలో వస్తుంది. ఆడేవాడెవడూ రాకెట్టు ఎండలో ఉంచడు. పెళ్ళాం ఎండలో నిలబడ్డా ఊరుకుంటాడు."

మిషన్ పక్కన బెంచీ మీద కమ్రోన్ కూర్చున్నాడు. ఎకరిన్, అతను పద్దెనిమిదేళ్ళ వయసు నుంచి కలిసి తిరుగుతున్నారు. ఏ ఊరు వెళ్ళినా ఒకటే గది. మంచం ఒకటే ఉంటే ఒకటే మంచం. ఎకరిన్ క్వాలిఫయింగ్ అనే తొలి వడపోతలో మూడాటలూ గెలిచి అసలు టోర్నీలో చేరాడు. కమ్రోన్ నిన్న మధ్యాహ్నం మూడోది ఓడిపోయాడు.

"నువ్వు ఎక్కడున్నావు నాయనా పన్నెండింటికి?"

"గదిలో. బట్టలు సర్దుకుంటున్నాను. రేపు ఎనిమిదింటి బస్సుకి కోరాట్ వెళ్ళిపోతున్నాను సార్. ఆట మానేస్తున్నాను. మా మామయ్యకి టైర్ల కొట్టు ఉంది."

"నాకు చెప్పలేదేంట్రా?" అన్నాడు ఎకరిన్.

"నీకు రేపు ఆట ఉంది కదా. ఇవన్నీ ఎందుకని."

తవీ కమ్రోన్ ఒళ్ళో ఉన్న రాకెట్టు అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. తీగ తెల్లగా మెరుస్తోంది. ఎకరిన్ సాధన చేసిన పాత బంతి ఒకటి బెంచీ కింద ఉంటే దాన్ని ఆ తీగ మీద రెండుసార్లు ఎగరేశాడు. తీగకి పచ్చటి నూగు అంటింది. వేలితో తుడిచాడు. రాకెట్టు తిరిగి ఇచ్చేశాడు.

"చక్కగా ఉంది," అన్నాడు.

బున్మాకి ఇదేం పరీక్షో అర్థం కాలేదు. ఎప్పుడూ కాదు. అందుకే వస్తాడు.

ఉజ్బెక్ కుర్రాడి పేరు జమ్‌షిద్. రేపు ఎకరిన్‌తో ఆడేది అతనే. పోయినేడు ఎకరిన్ పాయింటు గెలిచింది అతని మీదే. మంచినీళ్ళ డబ్బా దగ్గర పట్టుకున్నారు. వచ్చీరాని థాయిలో గట్టిగానే మాట్లాడాడు.

"నేను తీశానా? నేను ఎందుకు తీస్తాను? ఎకరిన్ నాకు కావాలి. సంవత్సరం నుంచి అతని సర్వ్ గురించే ఆలోచిస్తున్నాను. కలలో కూడా అదే. ఇప్పుడు వేరేవాడు వస్తే? ఆ వేరేవాడి సర్వ్ ఎవరికి తెలుసు?"

"వేరేవాడెలా వస్తాడు?" అన్నాడు తవీ.

"సుపాన్నీ మేడంని అడుగు."

సుపాన్నీ టోర్నీ పెద్ద. చేతిలో కాగితాలు, మెడలో విజిల్. ఎండకి ముఖం మాడిపోయి ఉంది.

"అసలు టోర్నీలో ఎవరైనా తప్పుకుంటే ఆ ఖాళీ నిన్న మూడో ఆట ఓడినవాళ్ళలో ఒకరికి ఇస్తాం. పొద్దున తొమ్మిదింటికి ఈ బల్ల మీద కాగితం పెడతాను. రాకెట్టుతో వచ్చి సంతకం పెట్టినవాడికే. ఈసారి పెట్టేవాళ్ళు లేరనే చెప్పాలి. ఓడిన ఎనిమిది మందిలో ఏడుగురు రాత్రే ఊళ్ళకి పోయారు. గది బాడుగ దండగ కదా."

"బ్యాగు కోసం వెతికించారా?"

"వెతికించకుండా ఉంటానా? గేటు ఒక్కటే. పన్నెండు నుంచి బ్యాగుతో ఎవరూ బయటికి పోలేదని కాపలా అతను ఒట్టేసి చెప్పాడు. చెత్త తొట్లు, కార్ల కిందా, లోపలి కాలవ గట్టూ, ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే రేకుల షెడ్డూ, అన్నీ చూశాం."

తవీ బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. బున్మా చొక్కా కొసతో విసురుకున్నాడు.

"ఉడికిపోతున్నాం అన్నా."

"ఇక్కడ ఏసీ ఎక్కడుంది?"

"పైన ఐసు గదిలో. వరదప్పుడు కింద గది మునిగిందని ఐసు పెట్టె, బంతుల పెట్టెలు అన్నీ పైకి చేర్చారు. పొద్దస్తమానం ఎవడో ఒకడు ఐసుకి పోతూ వస్తూనే ఉంటాడు."

"అయితే నువ్వూ పోయి కాస్త ఐసు తీసుకురా. ఖాళీ బంతుల పెట్టెలుంటే వాటి వెనక కూడా చూడు."

తర్వాత తవీ లేచి ఎకరిన్‌ని, కమ్రోన్‌ని, జమ్‌షిద్‌ని సవాంగ్ మిషన్ దగ్గరికి పిలిచాడు. సుపాన్నీని పిలవలేదు.

బున్మా మెట్లు దిగి వచ్చాడు. ఐసు మర్చిపోయాడు. భుజాన ఎర్ర బ్యాగు ఉంది.

ఎకరిన్ ఒక్క గెంతులో లాక్కుని జిప్పు తీశాడు. మూడూ ఉన్నాయి. ఒకదాని తీగ మీద వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. బిగువుగానే మోగింది.

"ఎలా కనిపెట్టావు అన్నా?" అన్నాడు బున్మా. అతని వంతు అది.

తవీ మిషన్ మీద చెయ్యి ఆనించాడు.

"బ్యాగు గేటు దాటలేదు. దొంగ బయటివాడు కాదన్నమాట. పగవాడైతే కాలవలో పారేసేవాడు, రెండు నిమిషాల పని. అదీ చెయ్యలేదు. మేడం వెతికిన చోట్లన్నీ ఎండ చోట్లు, లేకపోతే రేకుల కింద వేడి చోట్లు. రాకెట్టు ఎండలో ఉంచకూడదని నాకు ఇవాళే తెలిసింది. తీసినవాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు. దొంగతనం చేస్తూ కూడా దాన్ని ఎండలో పెట్టడానికి వాడికి చేతులు రాలేదు."

"ఆ మాటకొస్తే ఇక్కడ అందరికీ తెలుసు," అన్నాడు సవాంగ్. "నాకూ తెలుసు."

"నీకూ తెలుసు. ఎకరిన్ తప్పుకుంటే నీకేం వస్తుంది? జమ్‌షిద్‌కి తెలిసిన సర్వ్ పోయి తెలియనిది వస్తుంది. లాభం ఒక్కడికే. నిన్న ఓడినవాళ్ళలో ఊళ్ళో మిగిలింది ఒక్కడు." తవీ కమ్రోన్ వైపు తిరిగాడు. "రేపు ఎనిమిదింటి బస్సు అన్నావు. ఆట మానేస్తున్నానన్నావు. నిన్న మధ్యాహ్నం ఓడావు. నిన్న రాత్రి ఈ పెద్దాయన దగ్గర కొత్త తీగ బిగించుకున్నావు. ఇవాళ నేను బంతి ఎగరేసేదాకా దాని మీద నూగు లేదు. టైర్ల కొట్లో కూర్చునేవాడికి కొత్త తీగ ఎందుకు నాయనా?"

సవాంగ్ వంగి కమ్రోన్ చేతిలోని రాకెట్టు తీగ చూశాడు.

"అవును కదా," అన్నాడు సవాంగ్ మెల్లగా. "బిగించేటప్పుడు నాకు తట్టనే లేదు. ఓడినవాడు తీగ మార్చడు."

కమ్రోన్ చేతిలోని రాకెట్టు నేల మీద పెట్టాడు.

"పోతుంది పోతుంది అని వారం నుంచి పాయింటు గురించి ఏడుస్తున్నావురా," అన్నాడు ఎకరిన్‌తో. "రాత్రి నిద్దట్లో కూడా. పదకొండేళ్ళు ఆడాను. నాకు పోగొట్టుకోవడానికి కూడా ఒకటి రాలేదు. ఒక్క ఆట. ఒక్కటి దొరికితే చాలనుకున్నాను. ఆట అయ్యాక, రేపు సాయంత్రం నీ బ్యాగు నీకు దొరికేలా చేద్దామనే అనుకున్నాను."

"ఐసు గదిలో ఎందుకు పెట్టావు?" అన్నాడు ఎకరిన్.

"నీ తీగ వదులైపోతుందని."

ఎకరిన్ ఒక అడుగు ముందుకు వేశాడు. కొడతాడనే అనుకున్నాడు బున్మా. అప్పుడే సుపాన్నీ వచ్చింది.

"దొరికిందా! ఎవరు తీశారు? పేరు చెప్పండి, రాసి పంపాలి. ఇలాంటివాణ్ణి జన్మలో కోర్టు ఎక్కనివ్వరు."

తవీ ఎకరిన్ వైపు చూశాడు. బ్యాగు అతనిది.

ఎకరిన్ చాలాసేపు జిప్పు మూస్తూ ఉండిపోయాడు.

"నేనే మేడం. ఐసుకి వెళ్ళి అక్కడ పెట్టి మర్చిపోయాను."

"నువ్వా? ఇంతమందిని ఎండలో తిప్పి! నీకు ఆట కాదు, ముందు బుర్ర బాగుచేయించుకో." ఆమె తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. జమ్‌షిద్‌కి సగమే అర్థమైంది. అయినా అర్థమైనంత మటుకు తలూపి, తన రాకెట్లు తీసుకుని వెళ్ళాడు.

ఎకరిన్ తవీకి చేతులు జోడించాడు. కమ్రోన్ ముఖం చూడలేదు. బ్యాగు భుజాన వేసుకుని ఒక్కడే గేటు వైపు నడిచాడు. ఆ పూట సవాంగ్ ఇంట్లో పడుకున్నాడని తర్వాత తెలిసింది.

తిరిగి వస్తూ బండి మీద బున్మా అడిగాడు. "మేడంకి నిజం చెప్పలేదేం అన్నా?"

"నన్ను బ్యాగు వెతకమన్నారు. వెతికాను."

మర్నాడు పొద్దున్నే బున్మా బాడుగలు మానుకుని స్టేడియానికి పోయాడు. సీసాలో కాఫీ, ఆకులో బంక అన్నం పట్టుకెళ్ళాడు. కోరాట్ బస్సు ఎనిమిదింటికి వెళ్ళిపోయింది. తొమ్మిదింటికి సుపాన్నీ బల్ల మీద కాగితం పెట్టింది. కమ్రోన్ ఆ బల్లకి పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. చేతిలో రాకెట్టు ఉంది. కాగితం దగ్గరికి మాత్రం పోలేదు. అరగంట అయ్యాక ఆమె తెల్ల కాగితం మడిచి పెట్టుకుంది.

అప్పుడు ఎకరిన్ వచ్చాడు. ఆటకి ముందు ఒళ్ళు వేడెక్కించుకోవడానికి అవతల ఒకడు కావాలి. ఒంటరిగా కుదరదు. అతను చుట్టూ చూశాడు. మిగతావాళ్ళంతా జతలు కట్టేసుకున్నారు.

"నాలుగో కోర్టు," అన్నాడు కమ్రోన్‌తో.

ఇరవై నిమిషాలు బంతి కొట్టుకున్నారు. కమ్రోన్ అతనికి కావలసిన చోటికే, కావలసినంత ఎత్తులోనే బంతి వేశాడు. పదకొండేళ్ళ నుంచి వేస్తున్నట్టే.

పదింటికి మైకులో పేర్లు పిలిచారు. ఎకరిన్ కోర్టు తలుపు దాకా వెళ్ళి ఆగాడు. రాకెట్టు ఒకటి చేతిలోకి తీసుకుని, మిగిలిన రెండూ ఉన్న ఎర్ర బ్యాగు భుజం మీంచి తీశాడు. తీసి కమ్రోన్ చేతిలో పెట్టాడు.

"నీడలో ఉంచు," అని లోపలికి వెళ్ళాడు.