ఎర్ర బటన్ మోగే చోటు

"నొప్పి ఎక్కడ?" అడిగాడు డెంటిస్టు.

"జ్ఞానదంతం. అది లేకుండానే ఇన్నాళ్లు నెట్టుకొచ్చాను."

కోడ్ సరిపోయింది. కుర్చీ వెనక గోడ పక్కకు జరిగింది. అవతలి గదిలో ఏజెన్సీ చీఫ్ కూర్చుని ఉన్నాడు. అందరూ పెద్దాయన అంటారు. లోపలికి వచ్చినవాణ్ని డిపార్ట్‌మెంట్‌లో పిల్లి అంటారు. ఎక్కడ దూకినా చప్పుడు కాదు మరి.

"విదేశీ ముఠా," పెద్దాయన మొదలుపెట్టాడు. "ఉద్యోగాలిప్పిస్తామని అమ్మాయిలను తెచ్చి, హోటల్ గదుల్లో బంధించి అమ్ముతోంది. హోటల్ చిన్నాచితకా కంపెనీది కాదు. రెయిడ్‌కి వెళ్లిన ప్రతిసారీ గది ఖాళీ. దుప్పటి మడత కూడా నలగదు."

"లీకు?"

"అదే నీ పని. మధ్యాహ్నం అదే హోటల్లో ఎంక్వైరీ ఆఫీసరు ముందు ఛైర్మన్ స్టేట్‌మెంట్ ఇస్తాడు. మాకేమీ తెలియదంటాడు. ఆ ఆఫీసరమ్మ సంతకం పెట్టిందా, కంపెనీ చేతులు దులుపుకుంటుంది."

"లోపల మనవాళ్లెవరు?"

"గెస్ట్ రిలేషన్స్ డైరెక్టర్. మేడమ్ అంటారు. అందగత్తె. జాగ్రత్త."

"అందంతోనా, ఆవిడతోనా?"

పెద్దాయన నవ్వలేదు. ఆ కేసు మొదలైన దగ్గర్నుంచీ ఆయన నవ్వడం మానేశాడు.

*

ఏసీ మెకానిక్ వేషం పిల్లికి కొత్త కాదు. నీలం చొక్కా, టూల్ బ్యాగు, చెవి మీద పెన్సిలు ఉంటే ఏ తలుపైనా తెరుచుకుంటుంది. నాలుగో అంతస్తు కారిడార్‌లో మేడమ్ ఎదురైంది. తెల్ల కోటు, మెడలో ముత్యాలు, ఎవరినైనా ఇట్టే మాటల్లో పెట్టే గొంతు.

"మా స్టాఫ్‌కి అలర్ట్ బటన్ ఇచ్చాం," అంది రహస్యంగా. "అనుమానం వస్తే నొక్కుతారు. నేరుగా పోలీసులకే వెళ్తుంది. నేనే దగ్గరుండి పెట్టించాను."

"మీలాంటివాళ్లు ఉండబట్టే మా పని నడుస్తోంది మేడమ్. అయ్యో, కోటు మీద దుమ్ము!"

మర్యాదగా దులిపాడు. దులిపిన చోట ఆవగింజంత మైకు మిగిలింది. ఆమె మీద అనుమానం ఉండి కాదు. ఎవరినీ పూర్తిగా నమ్మకపోవడం అతనికి అలవాటు.

కారిడార్ చివర లినెన్ గదిలో ఒకావిడ తువ్వాళ్లు మడతపెడుతోంది. ఆ అంతస్తు క్లీనర్. మేనేజర్ దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ అక్కే.

"నువ్వు ఏసీ బాగుచేసేవాడివి కాదులే తమ్ముడూ," అందావిడ తలెత్తకుండానే. "వచ్చిన దగ్గర్నుంచి ఒక్కసారైనా ఏసీ వంక చూశావా?"

పిల్లి ఐడీ కార్డు చూపించాడు. అక్క ముఖం వెలిగింది.

"సరిగ్గా టైముకి వచ్చావయ్యా! చివరి గదిలో ఒక పిల్ల ఉంది. గదిలోకి అడుగు పెట్టనివ్వరు, తువ్వాళ్లు మాత్రం బయట పడేస్తూనే ఉంటారు. అలాంటి గది కనిపిస్తే నొక్కమని మాకు ట్రైనింగ్ ఇచ్చారు." ట్యాబ్ మీద ఎర్ర బటన్ చూపించింది. "ఇప్పుడు నొక్కబోతున్నా. ఇదివరకు ఎంతమందిని ఇంటికి పంపించానో! మొన్న ఒక పిల్ల తలుపు సందులోంచి, 'అక్కా, ఇదే ఊరు?' అని అడిగింది. సాయంత్రానికల్లా మీ అమ్మ దగ్గరుంటావే అని చెప్పి నొక్కేశా. గంటలో గది ఖాళీ!"

పిల్లికి ఎక్కడో కలుక్కుమంది. రెయిడ్‌కి వెళ్లినప్పుడు కూడా గది ఖాళీయే.

"ఒక్క నిమిషం అక్కా."

జేబులోంచి ట్రేసర్ తీసి ట్యాబ్‌కి తగిలించాడు. బటన్ నొక్కితే అలర్ట్ ఏ నంబరుకి వెళ్తుందో అది చూపిస్తుంది. తెర మీద నంబరు వచ్చింది. పోలీసులది కాదు. పొద్దున పెద్దాయన ఇస్తే అతను కంఠతా పట్టిన నంబరే. మేడమ్‌ది.

ఈ మాట ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. ఉన్నదున్నట్టే చెప్పాడు. బటన్ నొక్కగానే కబురు ముఠాకు అందుతుంది. పోలీసులు వచ్చేలోపు అమ్మాయిని ఇంకో హోటల్‌కి మార్చేస్తారు.

అక్క చేతిలోని తువ్వాలు జారిపోయింది.

"అయితే వాళ్లందరినీ పట్టిచ్చింది నేనా?"

"నువ్వు కాదక్కా. కంపెనీ."

"నొక్కింది ఈ వేలే కదయ్యా." కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "పద, ఇప్పుడే ఆ పిల్లని తెచ్చేద్దాం," అంది.

"తెస్తే ఈ పిల్ల ఒక్కతే బయటపడుతుంది. కింద ఛైర్మన్ తెలియదనేస్తాడు. రేపు అదే గదిలో ఇంకో పిల్ల ఉంటుంది. ఛైర్మన్ మాట్లాడుతున్నప్పుడే నువ్వు బటన్ నొక్కాలి."

అక్క అతని వంక చూసింది. ఆ చూపు ముందు నిలబడటం పిల్లికి తుపాకీ ముందు నిలబడటం కంటే కష్టమైంది.

"ఎప్పుడు నొక్కమంటావో చెప్పు. ఎవరి కంటా పడకుండా పిల్లని దించాలంటే లాండ్రీ లిఫ్టే దారి. అక్కడ మాత్రం నేనుంటా."

*

మీటింగ్ హాల్లో పిల్లి నిచ్చెనెక్కి, మేడమ్ కోటు మీది మైకు రిసీవర్‌ని స్పీకర్లకు కలిపి, బటన్ నొక్కమన్న గుర్తుగా అక్క ఫోనుకి ఒక మిస్డ్ కాల్ ఇచ్చాడు.

"అతిథుల గౌరవమే మా ప్రాణం," అంటున్నాడు ఛైర్మన్. "ఇలాంటి ఘోరం గురించి మా దృష్టికి ఏనాడూ..."

మేడమ్ ఫోన్ మోగింది. "ఎక్స్‌క్యూజ్ మీ," అని బయటికి నడిచింది. ఆఫీసరమ్మ పెన్ను మూత తీసింది. పెన్ను కాగితాన్ని తాకబోతుండగా హాలు నాలుగు మూలల నుంచీ మేడమ్ గొంతు వినిపించింది.

"మళ్లీ ఆ క్లీనరే నొక్కింది. పిల్లని లాండ్రీ లిఫ్టులో దించి రెండో హోటల్‌కి మార్చేయండి. పోలీసులా? వాళ్లకెందుకు వెళ్తుంది? ఛైర్మన్ గారే కదా ఈ లైను నాకు పెట్టించింది!"

ఛైర్మన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆఫీసరమ్మ పెన్ను మూత పెట్టేసి, పోలీసులను లోపలికి పిలిచింది.

పిల్లి అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. పైన లాండ్రీ లిఫ్టు తలుపులో అక్క ట్రాలీ అడ్డంగా ఇరికించి ఉంది. చక్రాలకు బ్రేకు వేసేసింది. ఇద్దరు ముఠా మనుషులు దాన్ని లాగుతున్నారు. అక్క నుదురు చిట్లి నెత్తురు కారుతోంది. అయినా ట్రాలీ వదల్లేదు. ఒకణ్ని పిల్లి స్పానర్‌తో పడగొట్టాడు. రెండోవాడు పారిపోతూ పోలీసులకు ఎదురెళ్లాడు.

అమ్మాయి గోడకు అతుక్కుని వణుకుతోంది. అక్క శుభ్రమైన దుప్పటి ఒకటి తీసి ఆమెకు కప్పి, దగ్గరికి తీసుకుంది.

"భయం లేదమ్మా," అంది. ఇంకేమీ మాట ఇవ్వలేదు.

సాయంత్రం స్టాఫ్ రూమ్‌లో నర్సు అక్క నుదుటికి కట్టు కట్టి వెళ్లింది. ఛైర్మనూ మేడమూ పోలీసు వ్యాన్ ఎక్కారు. హోటల్‌కు సీలు పడింది. పెద్దాయన ఫోన్ చేసి శెభాష్ అన్నాడు.

"తమ్ముడూ," అంది అక్క. "ఇదే ఊరని అడిగిన పిల్ల, ఇంటికి చేరిందంటావా?"

పూటకో పేరు, పేరుకో కట్టుకథ చొప్పున పొట్ట పోసుకునేవాడు పిల్లి. ఆ పూట మాత్రం అతనికి ఒక్క అబద్ధం కూడా తట్టలేదు.