ఎదురింటి ఫ్రిజ్‌లో ఇంజెక్షన్

రెండు నెలల్లో ఇద్దరు సబ్‌మెరైన్ ఇంజనీర్లు చచ్చిపోయారు. ఇద్దరూ లావుపాటివాళ్ళే, సన్నబడదామని వారానికో ఇంజెక్షన్ పొడుచుకునేవాళ్ళే. ఎవరో ఆ ఇంజెక్షన్ పెన్నుల్లో మందు తీసేసి ఇన్సులిన్ నింపారు. ఒంట్లో షుగర్ పడిపోయి, కుర్చీలో కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే పోయారు.

"మూడోవాడు మీ బావ దేవీప్రసాద్," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ అర్జునరావు. "రేపు లక్ష్మివారం, ఉదయం ఎనిమిదికి."

ఏజెంట్ వీరేంద్ర ఫోన్ తీశాడు. "బావకి చెప్పేస్తాను సార్."

"చెప్తే ఆ పెన్నులో ఇన్సులిన్ నింపిన ఆవిడ జారిపోతుంది. నువ్వెళ్ళి పెన్ను మార్చెయ్. తర్వాత ఆవిడ నోట సప్లయర్ పేరు కక్కించు. మీ బావ ఎర. ఎరకి ఎవరూ ముందుగా చెప్పరు."

ఆవిడంటే జ్యోతిర్మయి. మధురవాడలో బావ ఫ్లాటుకి ఎదురు ఫ్లాటు. పైకి డైటీషియన్, డిపార్ట్‌మెంటుకి ఇన్ఫార్మర్, లోపల విదేశీ ముఠా మనిషి. మెరుపుతీగలా ఉంటుంది. "ఇంజెక్షన్లు బద్ధకస్తులకి. నేను చోడంబలితోనే ఇలా ఉన్నాను" అని లిఫ్టులో కనబడ్డ ప్రతి లావుపాటి ఆడదాన్నీ చిన్నబుచ్చేది. ఆ మాట నమ్మి వీరేంద్ర అక్క దుర్గ ఆరు నెలలు ఆ రాగి అంబలి తాగి మూడు కిలోలు తగ్గింది. బావ పెన్నుతో పద్నాలుగు తగ్గాడు, కానీ చేపల పులుసు వాసనకే మొహం తిప్పేస్తున్నాడు. ఏది మేలో తేలక ఆ ఇంట్లో రోజూ గొడవే.

మర్నాడు ఏడుంబావుకి వీరేంద్ర వాటర్ క్యాన్ మోసేవాడి వేషంలో, గుండీలో కెమెరాతో, జేబులో మంచి పెన్నుతో అక్క వంటింట్లో దూరాడు. ఫ్రిజ్ తెరిచాడు. ఖాళీ.

"ఏటిరా ఈ ఏసం?" అంది దుర్గ.

"బావ సూదేదక్కా?"

"అయిపోనాది. పూజకి అడ్డమని ముందే పొడిసేసుకున్నారు. అరగంటయింది."

వీరేంద్ర వంటింట్లోంచి బయటికి ఉరికాడు. హాల్లో బావ పేపరు చదువుకుంటున్నాడు. చెమట లేదు, వణుకు లేదు.

"బావా, ఒంట్లో ఎలాగుంది?"

"నాకు బాగానే ఉంది. నువ్వే వణుకుతన్నావు."

వీరేంద్ర అక్క వైపు తిరిగాడు. "ఫ్రిజ్ ఖాళీ ఏటి?"

"మార్గశిరం లక్ష్మివారం కదా. నీసు ఇంట్లో ఉండకూడదని సేపలు, గుడ్లు నిన్న సాయంత్రమే ఎదురింటి ఫ్రిజ్‌లో ఎట్టినాను. గుడ్లతోపాటు సూది కూడా అటే పోనాది. పొద్దున్న ఆవిడ తానంలో ఉంటే పనిమనిషి తలుపు తీసింది. మా సూది ఎప్పుడూ ఫ్రిజ్ తలుపులోనే ఉంటాది, సెయ్యి అక్కడికే పోనాది. దొరికింది తెచ్చీసినాను."

"అది ఆవిడదేమో."

"ఆవిడ అంబలి మనిషి. ఆవిడకి సూదెందుకురా?"

వీరేంద్ర ఎదురు ఫ్లాటులోకి పరుగెత్తాడు. పట్టుచీరలో, సూట్‌కేసుతో బయల్దేరుతోంది జ్యోతిర్మయి.

"ఆలస్యమైంది వీరేంద్రా," అంది నవ్వుతూ. "మీ అక్క పెన్ను పట్టుకెళ్ళి అరగంట దాటిందని పనిమనిషి చెప్పింది. మీ బావకి ఇంకో పది నిమిషాలు."

అంతలోనే ఆమె పైపెదవి మీద చెమట పట్టింది. సూట్‌కేసు చేతిలోంచి జారింది.

"ఫ్రిజ్‌లో మిగిలిన పెన్ను నువ్వు పొడుచుకున్నావా?" అడిగాడు వీరేంద్ర.

జ్యోతిర్మయి ఫ్రిజ్ వైపు చూసింది. మొహంలో నెత్తురు లేదు. మోకాళ్ళ మీద కూలబడింది. "చక్కెర," అంది.

వీరేంద్ర చీఫ్‌కి ఫోన్ చేసి అంబులెన్స్ పంపమన్నాడు. తర్వాత వంటిల్లు వెతికాడు. చోడిపిండి, ఓట్స్, గ్రీన్ టీ. ఆ ఇంట్లో పలుకు పంచదార లేదు. తీరిగ్గా వెళ్ళి అక్క పూజ పళ్ళెంలోంచి ఒక బూరె తెచ్చాడు, విరిచాడు, పూర్ణాన్ని ఆమె పెదాలకి బెత్తెడు దూరంలో పట్టాడు.

"పేరు."

"ముందు పెట్టు..."

"ముందు పేరు."

ఆమె మెడ చాచింది. అతను చెయ్యి వెనక్కి తీశాడు. పోయిన ఇద్దరూ గుర్తొచ్చారనుకుంటే పొరపాటు. అతనికి అది బాగుంది, అంతే. సిగ్గు కూడా వెయ్యలేదు.

"తాతబాబు," అంది కళ్ళు తేలేస్తూ. "పోర్టులో... కోల్డ్ స్టోరేజీ..."

మాట ఆగిపోతున్న క్షణంలో పూర్ణం ఆమె చిగుళ్ళకి రుద్దాడు. అంబులెన్స్ వాళ్ళు వచ్చి గ్లూకోజ్ ఎక్కించారు. బతికింది. మధ్యాహ్నానికి తాతబాబు, రెండు వందల పెన్నులతో సహా, దొరికాడు.

దుర్గ మాత్రం గుమ్మంలో నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"లక్ష్మివారం పెసాదం బయటోల్లకి ఎట్టకూడదని తెల్దేటిరా నీకు?"

"తెల్సక్కా," అన్నాడు వీరేంద్ర. "అందుకే కదా అంతసేపు ఆగినాను."