మొహం కనపడే దూరం

మా బడిలో పిల్లలు చాటున నన్ను సోడాబుడ్డి టీచరనేవాళ్లు. అననీయండి. నా సైటు మైనస్ పదమూడు. నలభై నాలుగేళ్లొచ్చాక గుంటూరులో కంటి డాక్టరుగారు, లేజరు పనికిరాదని, రెండు కళ్లలోనూ లెన్సులు అమర్చారు.

"దూరం బాగా కనపడుతుంది లిడియాగారూ. దగ్గరిది మాత్రం మసకే. వయసు కదా, చదవడానికి అద్దాలు పెట్టుకోండి," అన్నారు.

నాకు కావలసింది దూరమే.

మూడేళ్ల కిందట మా చెల్లెలు ఆరాధన మిరపచేలో మందు కొడుతూ పోయింది. ఆ రోజు నేను గట్టు మీదే ఉన్నాను. చెమటకి ఒరుసుకుంటున్నాయని అద్దాలు తీసేశాను. చేను చివర ఎర్రగా చెయ్యి ఊగింది. నువ్వు తిను, వస్తానంటోందనుకుని నేనూ చెయ్యి ఊపి క్యారేజీ విప్పాను. కళ్లున్న కబోదిని. ఊపిరాడక పిలిచిందేమో. చూసి కూడా అక్క రాలేదనుకుంటూ పోయిందా? అదొక్కటీ నన్ను తినేస్తోంది.

ఆపరేషనైన నెలకి, ఆదివారం చర్చి అయ్యాక, మా మరిది, ఆరాధన మొగుడు మార్కుతో కళ్లానికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. ఎండబోసిన కాయల ఘాటుకి ముక్కు మండుతోంది. మార్కు కాయలు తిరగేస్తున్నాడు. గాలి లేదు. నేను చేను చివరికి చూశాను. ఒక్కో ఆకూ విడిగా కనపడింది.

అక్కడొక ఆడమనిషి. ఎర్ర చొక్కా. వీపున మందు డబ్బా. ఘాటుకి చుట్టుకున్నట్టు మొహం నిండా తువ్వాలు. చెయ్యి ఊపుతోంది.

"మార్కూ... కూలికి ఎవరొచ్చారు?"

"ఆదివారం ఎవరొస్తారు వదినా?"

"మరి ఆ చివర?"

అతను చూశాడు. "కోతైపోయిన చేనుకి మందెవరు కొడతారు?" అని తల దించుకున్నాడు.

ఈసారి నేను వెళ్లాను. భయం వెయ్యలేదంటే అబద్ధం. సాలు వెంట ఆమె కూడా ఎదురొస్తోంది. ఒక్క మొక్కా కదల్లేదు. డబ్బాలో మందు తొణికే చప్పుడు... ఆ వాసన...

"ఆరాధనా, తువ్వాలు తియ్యవే. ఒక్కసారి మొహం చూపించు. నా మీద కోపమా?"

ఆగలేదు. పదడుగులు... ఐదు... రెండు. ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరికొచ్చాకే తువ్వాలు విప్పింది.

అంతా మసక.

ఇదివరకైతే ముక్కు దగ్గర పెట్టుకుని సూదిలో దారం ఎక్కించేదాన్ని. ఆ చూపు చేతులారా వదులుకున్నాను. నేను వెనక్కి ఒకడుగేస్తే, తనూ ముందుకు ఒకడుగేసింది. పెదవులు కదులుతున్నాయి. ఏడుస్తోందా, తిడుతోందా తెలీలేదు. సంచిలోంచి చదివే అద్దాలు తీసి పెట్టుకున్నాను.

అద్దాల మీద ఆవిరి కమ్మింది. మార్చి ఎండలో...

ఆ తర్వాత చేలో ఎవరూ లేరని మార్కు అంటాడు. నిజమే, చేలో లేదు. ఇప్పుడు బడిలో పుస్తకం తెరిచి అద్దాలు పెట్టుకోగానే ఆవిరి పడుతుంది. "కోపమా తల్లీ?" అని మెల్లగా అడుగుతాను. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. కాసేపటికి ఆవిరి తగ్గుతుంది, మళ్లీ కమ్ముతుంది. నేను ఊపిరి బిగబట్టి చూశాను. అయినా పడుతుంది, అద్దాలకి బయటివైపు.