మోకాళ్లు మడిచిన ఎద్దు

మూడో రోజు ఉదయం, కొడవలితో బలుసు పొదలు కొట్టుకుంటూ ముందు నడుస్తున్న వకుళకు ఆ రాయి దొరికింది. నడుమెత్తు బండ. నాచు గీకి చూస్తే దాని మీద ఒక ఎద్దు, మెడ కింద గంట. అంతకు ముందు దొరికిన ఎనిమిది రాళ్ల మీదా అలాంటి ఎద్దే ఉంది. కానీ అవన్నీ నడుస్తున్న ఎద్దులు. వాటి ముఖం ఎటుంటే బాట అటు. ఈ ఎద్దు మాత్రం ముందరి మోకాళ్లు మడిచి నేల మీద కూర్చుని ఉంది. దాని ముఖం పడమటి కొండ వైపు తిరిగి ఉంది.

సైకిలును చెట్టుకు ఆనించి ఫణీంద్ర పరుగున వచ్చాడు. వెనక నిలబడ్డ బయన్న మాత్రం రాయి దగ్గరికి రాలేదు. దూరం నుంచే ఒకసారి చూసి, తల తిప్పుకుని, బాట కుడి చేతికి దిగుతుందని చెప్పాడు. అడగకుండానే చెప్పాడు. మూడు రోజుల్లో అతను అడగకుండా చెప్పిన మొదటి మాట అది.

వకుళ పదిహేనేళ్లు భూముల సర్వే చేసిన మనిషి. ఇప్పుడు నల్లమల అంచున ఉన్న ఇరవై గ్రామాలవాళ్లు కలిసి పెట్టుకున్న బాటల సంఘానికి దారులు కొలిచి పెడుతోంది. ఊరికీ ఊరికీ మధ్య పాతబడిన కాలిబాటలన్నీ బాగుచేసి, నడిచేవాళ్లకూ సైకిలు తొక్కేవాళ్లకూ ఒకే దారిగా కలపాలని వాళ్ల ఆశ. మనుషులు వస్తారు, ఊళ్లలో తింటారు, పడుకుంటారు, నాలుగు ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. ఐదు భాగాలు పూర్తయ్యాయి. ఆరోది ఈ అడవి మధ్యది. ఒకప్పుడు లంబాడీ వర్తకులు సముద్రతీరం నుంచి ఎడ్ల మీద ఉప్పు తోలుకుపోయిన బాట. ఇది కలిస్తేనే మిగతా ఐదూ కలుస్తాయి. లేకపోతే అటు ముక్క అటు, ఇటు ముక్క ఇటు. అడవి అధికారులు ఇచ్చిన అనుమతి ఈ నెలాఖరుతో సరి.

ఫణీంద్ర కర్నూలువాడు, సైకిలు పందేల్లో పేరున్నవాడు. బాట మీద చక్రం పోతుందో పోదో చూసేది అతనే, ఫోటోలు తీసి నలుగురికీ తెలియజేసేదీ అతనే. కుడుముల బయన్న అరవై ఏళ్ల చెంచు. దగ్గరి పెంటలో, అంటే చెంచుల గూడెంలో, ఉంటాడు. ఈ అడవిలో అతనికి తెలియని రాయి లేదని అందరూ చెబితే దారి చూపడానికి పిలుచుకువచ్చారు.

ఎడ్ల నాయకుడొకడు దోపిడీగాళ్లు తరుముతుంటే తన దగ్గరున్న సొత్తంతా ఈ కొండల్లో ఏదో గుహలో దాచిపోయాడన్న కథ ఆ చుట్టుపక్కల అందరూ చెప్పుకునేదే. ఫణీంద్ర అదే మాట నవ్వుతూ అన్నాడు. వకుళ నవ్వలేదు. రాయికి పదడుగుల అవతల ఆమె కంటికి మరొకటి కనిపించింది. మోకాలి లోతు గొయ్యి. మట్టి ఇంకా తడిగా ఉంది. పక్కన కోసిన నిమ్మకాయ చెక్కలు, కుంకుమ, కాలిన కర్పూరం మచ్చ. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ల పని.

ఆమె లేచి ఇద్దరినీ చూసింది. రాళ్ల వరుస ఇటే వస్తోందని తెలిసినవాళ్లు ముగ్గురే. అందులో ఒకతె తను.

ఆ సాయంత్రం నుంచి ఆమె చూపు మారిపోయింది. బాట గుర్తుగా చెట్లకు నీలం రిబ్బన్లు తనే కట్టింది. తనే లెక్క పెట్టుకుంది. తెల్లవారి లేచి చూస్తే, పడమటి కొండ వైపు కట్టిన ఏడు రిబ్బన్లూ అక్కడ లేవు. కుడి చేతి వాలులో, ఆమె అడుగైనా పెట్టని చోట, చక్కగా వరుసగా వేలాడుతున్నాయి. కట్టిన ముడి ఆమె వేసే ముడి కాదు. తేనె తీసేవాళ్లు తాడుకు వేసే ముడి.

గంజి కాస్తున్న బయన్న నడుము వైపు చూసింది. పంచె మడతలో నుంచి నీలం పోగు ఒకటి వేలాడుతోంది. ఆమె చూపు తిప్పుకుని గుడారం సర్దసాగింది. అడిగితే జాగ్రత్తపడతాడు.

ఫణీంద్ర ఆమెను పక్కకు పిలిచి, ముసలాయన ఆ తవ్వేవాళ్ల మనిషేనని, మనల్ని పక్కదారి పట్టించి వాళ్లకు చోటు ఖాళీ చేసిపెడుతున్నాడని గుసగుసగా చెప్పాడు. చెప్పి, ఫోన్ పట్టుకుని రాతిగుట్ట ఎక్కాడు. నిన్న కూడా రెండుసార్లు అలాగే ఎక్కాడు. సిగ్నల్ కోసమన్నాడు. ఎవరితో మాట్లాడావని అడిగితే, ఎవరితోనూ కలవలేదన్నాడు. కానీ వకుళ కింద నుంచి చూసింది. అతని పెదవులు చాలాసేపు కదిలాయి.

ఇద్దరిలో ఎవరు? లేక ఇద్దరూనా? అడవిలో ఇద్దరు మగవాళ్ల మధ్య తను ఒక్కతె ఉన్నానన్న సంగతి మొదటిసారి ఆమెకు గుర్తుకొచ్చింది.

తేల్చుకోవాలనుకుంది. కుడి వాలులో సైకిలు దిగుతుందేమో చూసి రమ్మని ఫణీంద్రను పంపింది. తనకు కాలు బెణికిందని, మధ్యాహ్నం దాకా కదలనని బయన్నతో చెప్పి గుడారంలో పడుకుంది. గుడ్డ సందులోంచి చూస్తూ ఉంది. అరగంట గడిచింది. బయన్న లేచాడు, గొడ్డలీ గొంగడీ తీసుకున్నాడు, గుడారం వైపు ఒకసారి చూశాడు, చప్పుడు లేకుండా పడమటి కొండ వైపు వెళ్లిపోయాడు.

ఆమె వెంటపడింది. చెప్పులు విప్పి చేత పట్టుకుని, ఎండుటాకులు తప్పించుకుంటూ, రాయి నుంచి రాయికి నడిచింది. కొండ మలుపు తిరిగాక వెదురు గుబురు వెనక అతను మాయమయ్యాడు. గుబురు తొలగిస్తే లోపల నల్లని గుహ ద్వారం. మనిషి వంగితే పడతాడు. పైన రాతి చూరుకు చేటలంతేసి తేనెపట్టులు నాలుగు వేలాడుతున్నాయి. వాటి మీద ఈగలు మెల్లగా అలల్లా కదులుతున్నాయి. ఊపిరి బిగబట్టి వాటి కిందుగా ఆమె లోపలికి పాకింది.

లోపల చల్లగా ఉంది. ఎక్కడో నీళ్ల చుక్కలు పడుతున్న చప్పుడు. పై నెర్రెలోంచి దిగిన వెలుగులో చిన్న ఊట, దాని గట్టున రకరకాల గిట్టల ముద్రలు. ఎడమ పక్క ఎత్తుగా ఎండిన అరుగు. దాని మీద చిలుము పట్టిన గంటలు, వందకు పైగానే, కుప్పగా పేర్చి ఉన్నాయి. వాటి వెనక గోడ తెల్లగా, నునుపుగా, గిన్నెల్లా గుంటలు పడి మెరుస్తోంది. ఏ పనిముట్టూ చెక్కిన గుంటలు కావవి.

"దుప్పులు నాకిన గుంటలమ్మా అవి."

ఆమె ఉలిక్కిపడి తిరిగింది. బయన్న వెనకే ఉన్నాడు. గొడ్డలి భుజం మీద ఉంది. ద్వారానికీ ఆమెకూ మధ్య అతను నిలబడ్డాడు.

వకుళ గొడ్డలి వైపు చూసింది. అయినా అడిగింది. "రిబ్బన్లు మార్చింది నువ్వేనా, బయన్నా?"

"నేనే."

"ఎవరి కోసం?"

అతను గొడ్డలి దించి గోడకు ఆనించాడు. అరుగు అంచున కూర్చుని నిదానంగా చెప్పాడు. ఎడ్ల నాయకుడు దాచిన సొత్తు ఇదే. ఉప్పు. వానలకు బాట తెగిపోతే మూటలన్నీ ఇక్కడ దించి, గంటలు విప్పి పెట్టి, దించిన చోటికి గుర్తుగా ఆ రాయి మీద కూర్చున్న ఎద్దును చెక్కించి, ఎడ్లను తోలుకుని పోయాడు. మళ్లీ రాలేదు. ఉప్పంతా కరిగి బండలోకి ఇంకింది. ఎండాకాలం కొండలో నీళ్లన్నీ ఎండిపోయినప్పుడు ఈ ఊట ఒక్కటే ఉంటుంది. నీళ్లకూ ఉప్పుకూ జంతువులన్నీ ఇక్కడికే వస్తాయి. ఇరవై రోజులుగా ఎవరో చుట్టుపక్కల తవ్వుతున్నారు. వాళ్లు వచ్చారేమోనని రోజూ ఒకసారి వచ్చి చూసిపోతున్నాడు.

మొదటి రోజే తనకెందుకు చెప్పలేదని వకుళ అడిగింది.

"చెప్తే పటంలో పెడతావు గదమ్మా."

అంతలో బయట వెదురు విరిగిన చప్పుడు, మగ గొంతులు. బయన్న ఆమె చెయ్యి పట్టుకుని గంటల కుప్ప వెనక బండ సందులోకి లాగాడు.

ముగ్గురు లోపలికి వచ్చారు. ముందున్నవాడు నుదుటి నిండా కుంకుమ పెట్టుకుని ఉన్నాడు. గంటలు చూడగానే వాడి కళ్లు వెలిగాయి. ఇవి కాపలా గంటలని, బంగారం గోడ వెనక ఉందని, తెల్లగా మెరిసే గోడ అందుకే కట్టారని మిగతా ఇద్దరికీ చెప్పాడు. రెండోవాడు సంచి విప్పి క్వారీలో వాడే మందుగుండు కడ్డీలు బయటికి తీశాడు. మూడోవాడు మడిచిన కాగితం తెరిచి, చోటు ఇదేనా అని వెలుగులోకి పట్టుకుని చూసుకున్నాడు.

ఆ కాగితం వకుళకు నాలుగడుగుల దూరంలో ఉంది. దాని మీద బాటల సంఘం గుర్తు ఉంది. రాళ్లున్న చోట్లు ఒక్కొక్కటిగా చిన్న ఎద్దు బొమ్మలతో గుర్తుపెట్టి ఉన్నాయి. వాటి వరుస పొడిగిస్తూ ఈ కొండ దాకా ఎవరో పెన్సిలుతో గీత గీశారు. కింద మూల "తయారీ: వకుళ" అని ఆమె పేరే ఉంది.

నెల కిందట తొలి విడత తిరిగినప్పుడు దొరికిన ఆరు రాళ్లనూ పటంలో పెట్టి, రాబోయే బాట ఇది, అందరూ రండి అని సంఘం వెబ్‌సైటులో పెట్టింది తనే. జనం చూశారని మురిసిపోయింది. చూసినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. నిన్నటి నుంచి ఇద్దరి ముఖాల్లో వెతికిన దొంగ జాడ తన చేతి రాతలోనే ఉంది.

గోడకు రెండు చోట్ల రంధ్రాలు తొలిచి, ఒకదాంట్లో కడ్డీ దోపి వత్తి పెట్టారు. పేల్చే ముందు పూజ జరగాలన్నాడు కుంకుమవాడు. ద్వారం దగ్గర పళ్లెంలో నిప్పులు పోసి గుప్పెళ్లకొద్దీ సాంబ్రాణి వేశాడు. దట్టమైన పొగ చూరు వైపు లేచింది.

బయన్న వేళ్లు వకుళ భుజం మీద బిగుసుకున్నాయి. "కదలమాక," అన్నాడు చెవిలో. గొంగడి ఇద్దరి మీదా కప్పాడు.

వత్తి అంటించిన మరుక్షణమే ద్వారం నల్లబడింది. గాలి మొత్తం ఒక్క రొదగా మారింది. కుంకుమవాడు రెండు చేతులతో ముఖం కప్పుకుని బయటికి దూకాడు. మిగతా ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడుతూ, అరుస్తూ, సంచీ కాగితమూ వదిలేసి వెదుర్లలో పడి పరుగెత్తారు. సగం ఈగలు వాళ్ల వెంట పోయాయి. సగం గుహలోకి వచ్చాయి.

వత్తి చివర నిప్పు చిటపటలాడుతూ గోడ వైపు పాకుతోంది. జానెడుంది. బయన్న లేవబోయాడు, కానీ అతను సందు లోపలి వైపున ఇరుక్కుని ఉన్నాడు. వకుళ గొంగడి తోసేసి లేచింది. మెడ మీద, కనురెప్ప మీద, చేతుల మీద ముళ్లు దిగాయి. అరుగు మీద మోకాళ్ల మీద పడి, రంధ్రంలోకి వేళ్లు పెట్టి వత్తిని లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. కడ్డీలోంచి ఊడి చేతికి వచ్చింది. దాన్ని దూరంగా ఊట అవతలి రాళ్ల మీదికి విసిరింది. అక్కడ అది బుసకొట్టి, నల్లని మరక మిగిల్చి ఆరిపోయింది.

అప్పటికి బయన్న ఆమెను గొంగట్లో చుట్టి నేలకు నొక్కిపట్టాడు. ఈగలు శాంతించేదాకా ఇద్దరూ అలాగే పడుకున్నారు. ఎంతసేపో తెలియదు. నీళ్ల చుక్కల చప్పుడు మళ్లీ వినిపించాక, ఆమె కింద పడ్డ కాగితం జేబులో పెట్టుకుంది, అతను కడ్డీనీ సంచినీ తీసుకుని ఆమెను గుహ వెనక ఉన్న ఇరుకు నెర్రెలోంచి పైకెక్కించాడు. బయటపడేసరికి ఆమెకు ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

కింద బాట మీద ఫణీంద్ర, అతని వెంట నలుగురు అటవీ సిబ్బంది కనిపించారు. వాచిన ముఖాలతో ముగ్గురు మనుషులు వాళ్ల మధ్య కూర్చుని మూలుగుతున్నారు. గొయ్యి చూసిన రోజునే ఫణీంద్ర గుట్ట ఎక్కి అటవీ చెక్‌పోస్టుకు ఫోన్ చేశాడు. బయన్నకు తెలిస్తే తవ్వేవాళ్లను హెచ్చరిస్తాడని భయపడి ఎవరికీ చెప్పలేదు.

"నాకైనా చెప్పాల్సింది," అంది వకుళ.

అతను తల దించుకున్నాడు. "రాళ్ల సంగతి వాళ్లకు మీరే చెప్పారేమో అనుకున్నానక్కా."

మూడోవాడు వదిలేసిన కాగితం ఆమె జేబులోంచి తీసి అతని చేతిలో పెట్టింది.

బయన్న ఏదో ఆకు నమిలి ఆమె మెడకు రాశాడు. మంట తగ్గాక, బాట ఎటు పోతే బాగుంటుందో నువ్వే చెప్పమని ఆమె అతన్ని అడిగింది. అంతవరకు అతన్ని బాట ఎటు పోయిందనే అడిగింది, ఎటు పోవాలని ఎన్నడూ అడగలేదు. అతను పుల్ల తీసుకుని నేల మీద గీశాడు. ఆ గీత తూర్పు గట్టెక్కి, రెండు వాగులు దాటి, చాలా దూరం చుట్టి తిరిగి వచ్చింది. పదకొండు కిలోమీటర్లు ఎక్కువ. ఫణీంద్ర నిట్టూర్చి, సైకిళ్లు పోతాయా అని అడిగాడు. దిగి నడిపించుకుంటే పోతాయన్నాడు బయన్న.

కొత్త గీత కొలవడానికి నెలాఖరు దాకా పట్టింది. పాత పటాన్ని వకుళ వెబ్‌సైటు నుంచి తీసేసింది. సంఘం సమావేశంలో లేచి నిలబడి తన తప్పు తనే చెప్పింది. ఎద్దు రాళ్లు లేని బాటకు ఎవరొస్తారని కొందరు సణిగారు. ఉప్పు గుహ ఎక్కడుందో మాత్రం వాళ్లకూ చెప్పలేదు.

కార్తీకంలో బాట తెరిచారు. మొదటి రోజు అరవై మంది నడిచారు, ఇరవై సైకిళ్లు వచ్చాయి. ముందు బయన్న నడిచాడు. తూర్పు గట్టు మీద అందరూ ఆగి నీళ్లు తాగుతుంటే, ఒంగోలు నుంచి వచ్చిన ఒక పంతులమ్మ పడమటి కొండ వైపు చేయి చూపి, అటు చూడదగ్గవేమైనా ఉన్నాయా అని అడిగింది.

వకుళ ఆమె ముఖం ఒక్క క్షణం పరీక్షగా చూసింది. జవాబు బయన్న చెప్పాడు.

"అటు దుప్పులకు పనుందమ్మా. మనకు లేదు."

చెప్పి, కర్ర తీసుకుని ముందుకు నడిచాడు. అందరూ అతని వెనక నడిచారు.